ఉప్పుకుప్పను గీయకుండా గీయడం

ఇసకపల్లి ఉప్పుమడుల బొమ్మ వేయాలనుకుంటే తెల్లరంగు సీసాను ఇంట్లో పెట్టి బయలుదేరండి. ఊ గ్వాన్‌జోంగ్ బొమ్మలు చూశాకే నాకీ బుద్ధి వచ్చింది. 1919లో చైనాలో పుట్టి, 1947లో పారిస్ వెళ్లి చదువుకుని, 1950లో తిరిగివచ్చిన చిత్రకారుడాయన. సాంస్కృతిక విప్లవ కాలంలో అక్కడి ప్రభుత్వం పల్లెకు పంపి పొలం పని చేయించిన రోజుల్లో పేడబుట్టనే ఈజిల్‌గా, అంటే బొమ్మ ఆనించే స్టాండుగా, వాడుకున్నారు. మనకు స్కూటర్ సీటుంది, ఏ లోటూ లేదు.

ముందు కాగితం. మామూలు డ్రాయింగ్ షీటు మీద సిరా పాకదు, దానికి జిగురు పట్టించి ఉంటుంది. జిగురు లేని చేతికాగితం కావాలి. మూలన నీటిబొట్టు వేసి చూడండి. ముత్యంలా నిలిస్తే వద్దు, ఇంకి అంచులు పాకితే తీసుకోండి. (ఒక కాగితానికి డబ్బిచ్చాకే బొట్టు వేయండి, కొట్టువాడు కసురుకుంటాడు.)

నల్లసిరాను మూడు గిన్నెల్లో కలపండి: చిక్కటిది ఒకటి, చారులా ఒకటి, గిన్నె కడిగిన నీళ్లలా ఒకటి.

ఎండాకాలం పొద్దున్నే వెళ్లాలి. తొమ్మిది దాటితే ఆ తెలుపు కళ్లు తెరవనివ్వదు. మడులను మడులుగా కాక నలుచదరాలుగా చూడండి; పెద్దదీ చిన్నదీ పక్కపక్కన ఎలా కుదురుతున్నాయో గమనించండి. ఇది పారిస్ చదువు. గట్టును మాత్రం చైనా పద్ధతిలో, భుజం నుంచి చేయి కదిలిస్తూ ఒకే ఊపున లాగండి. పలచటి సిరా ఆరకముందే చిక్కటి గీత తగిలిస్తే గట్టు తడిమట్టిలా ఉబ్బుతుంది.

ఇక కుప్ప. దాన్ని ముట్టుకోకండి. వెనక గట్టును కుప్ప అంచున ఆపి, అవతల మళ్లీ మొదలుపెట్టండి. ఊపు ఆపాల్సింది ఇక్కడొక్కచోటే. పైన కప్పిన తాటాకులకు ఎండుకుంచెతో నాలుగు నల్లటి బరుకులు చాలు, కాగితమే ఉప్పవుతుంది. ఆయన బొమ్మల్లో నల్లపెంకుల కింద తెల్లగోడలు నిలబడేదీ ఇలాగే. మొదటిసారి నేను కుప్ప గుండ్రంగా కనబడాలని పక్కన నీలం నీడ వేశాను. మా ఆవిడ చూసి ‘బియ్యం బస్తా బాగుందండీ’ అంది.

గీతలు వట్టి గీతలైపోతున్నాయనిపిస్తే ఆయన చెప్పిన గాలిపటం పోలిక తలచుకోండి: బొమ్మ గాలిపటంలా ఎంత ఎత్తు ఎగిరినా, జీవితంతో కలిపే దారం తెగకూడదు. ఇక్కడ నాకు ఆ దారం, మడిలో ఉప్పును లాగి పోగుచేసే మనిషి. వంగిన నల్లగీత ఒకటి, దాని మీద ఎర్రచీర చుక్క ఒకటి. దాన్ని చివర్లో వేయండి. రెండో చుక్క వేయాలని చేయి లాగుతుంది. అప్పుడు కుంచె కడిగేసి టీ కొట్టుకు వెళ్లండి.