డిస్ట్రోఫిన్ ముక్క ముద్దకడుతోందా? ముందు తేట ఎంత, మడ్డి ఎంత చూడండి

డిస్ట్రోఫిన్ అనేది కండర కణాల పొరను లోపలి నుంచి కాపాడే ప్రొటీన్. పూర్తి ప్రొటీన్‌లో 3685 అమైనో ఆమ్లాలుంటాయి, బరువు 427 కిలోడాల్టన్లు. అంత పెద్దదాన్ని ఈ.కోలై బాక్టీరియాలో చెక్కుచెదరకుండా తీయడం అయ్యే పని కాదు. దానికి కీటకాల కణాలు కావాలి. ఒడిశాలోని బరంపురం చుట్టుపక్కల ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ ప్రయోగశాలల స్థాయిలో చేతికందేది మొదటి 246 అమైనో ఆమ్లాల ముక్క. కణం లోపలి తీగల్లాంటి ఆక్టిన్ ప్రొటీన్‌ను పట్టుకునే భాగం అదే. బరువు సుమారు 28 కిలోడాల్టన్లు. డుషెన్, బెకర్ కండర క్షీణతలకు కారణమైన కొన్ని మ్యుటేషన్లు (జన్యు మార్పులు) కూడా ఈ ముక్కలోనే పడతాయి. కాబట్టి ఇది చిన్నదైనా పనికొచ్చేదే.

కింద చెప్పే సమస్యలన్నిటికీ మొదటి పరీక్ష ఒక్కటే. ప్రతి దశలో కాస్త నమూనా తీసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పండి. పైన తేటలో ఎంత ప్రొటీన్ ఉంది, అడుగున మడ్డిలో ఎంత ఉంది, రెండూ జెల్ మీద పక్కపక్కన నడిపించండి. జెల్ ప్రొటీన్లను బరువు ప్రకారం బ్యాండ్లుగా విడదీస్తుంది; కింద 28, 56 లాంటి బ్యాండ్ అంకెలన్నీ కిలోడాల్టన్లే. ఈ రెండు గళ్లు చూడకుండా బఫర్ మార్చేవాళ్లే ఎక్కువ కాలం తిప్పలు పడతారు.

ఇండక్షన్ (ప్రొటీన్ తయారీ మొదలుపెట్టించడం) తర్వాత 28 దగ్గర బ్యాండే లేదు

ముక్క జన్యువును మోసే డీఎన్‌ఏ వలయం, అంటే ప్లాస్మిడ్, పోయిందేమో చూడండి. కొత్తగా ట్రాన్స్‌ఫార్మ్ చేసిన (ప్లాస్మిడ్ ఎక్కించిన) కాలనీతోనే మొదలుపెట్టండి. పాత గ్లిసరాల్ స్టాకును నమ్మొద్దు. కానామైసిన్ నిరోధక పీఈటీ ప్లాస్మిడ్ అయితే ఆ యాంటీబయాటిక్ మిల్లీలీటరుకు 50 మైక్రోగ్రాములు. ఈ.కోలైకి అరుదైన కోడాన్ల (అమైనో ఆమ్లాలను సూచించే మూడక్షరాల సంకేతాల) అనుమానం ఉంటే వాటిని చదవగల రొసెట్టా స్ట్రెయిన్ వాడి, క్లోరాంఫెనికాల్ 34 మైక్రోగ్రాములు కలపండి. ఇది సులువుగా తేలే సమస్య, దీని మీద ఎక్కువ సమయం పెట్టొద్దు.

బ్యాండ్ బ్రహ్మాండంగా ఉంది, అంతా మడ్డిలోనే ఉంది

అసలు తలనొప్పి ఇదే. బాక్టీరియా ప్రొటీన్‌ను మడతపెట్టే వేగం కన్నా తయారుచేసే వేగం ఎక్కువైతే అది ముద్దగా పేరుకుపోతుంది. 37 డిగ్రీల దగ్గర కల్చర్‌ను ఓడీ (చిక్కదనపు కొలత) 0.6 దాకా పెంచండి. ఫ్లాస్కును 18 డిగ్రీలకు దించి అరగంట ఆగండి. ఆ తర్వాతే తయారీని మొదలుపెట్టించే ఐపీటీజీ 0.2 నుంచి 0.5 మిల్లీమోలార్ వేయండి. చల్లబడకముందే వేస్తే మొదటి అరగంటలో తయారైనదంతా వ్యర్థం. 16 నుంచి 18 గంటలు, 180 ఆర్‌పీఎం. లీటరు ఫ్లాస్కులో 250 మిల్లీలీటర్లు మించొద్దు, లేకపోతే గాలి అందదు.

ఇవన్నీ సరిగ్గా చేసినా ఒక వారం తేటలో, మరో వారం మడ్డిలో వస్తుంటే ప్రోటోకాల్‌ను వదిలి కరెంటును అనుమానించండి. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో వేసవి రాత్రి గంటసేపు కరెంటు పోతే షేకర్ ఆగుతుంది, కణాలు అడుగుకు దిగుతాయి, ఫ్లాస్కు గది వేడికి వస్తుంది. కరెంటు తిరిగొచ్చినా కొన్ని షేకర్లు తమంతట తాము మొదలవ్వవు. మొదలైనవాటి తెర మీద ఉదయం 18 అనే కనిపిస్తుంది, రాత్రి ఏం జరిగిందో చెప్పదు. 18కి చల్లబడ్డాక షేకర్ లోపల ఒక మాక్సిమం-మినిమం థర్మామీటరు పెట్టండి. ఉదయం మాక్సిమం 25 దాటి కనిపిస్తే ఆ బ్యాచ్‌ను శుద్ధి చేయకుండా పారేయడమే లాభం. ఇన్వర్టర్ మీద షేకర్ మోటారుతోపాటు కంప్రెసర్ కూడా నడవాలి. మోటారు ఒక్కటే తిరిగితే వెచ్చగా కలిపినట్టే అవుతుంది.

మ్యుటెంట్ మాత్రం ఎంత చల్లబరిచినా మడ్డి వదలదు

ఎల్54ఆర్ (54వ స్థానంలో లూసిన్ బదులు ఆర్జినిన్), ఏ171పీ లాంటి రోగ మ్యుటేషన్లలో ఇది లోపం కాదు, ఫలితం. ఈ మార్పులు ప్రొటీన్ మడతను బలహీనపరుస్తాయి కాబట్టి అవి ముద్దకట్టడం సహజం. యూరియాలో కరిగించి మళ్లీ మడతపెట్టి, వచ్చిన కొద్దిపాటి తేటతో ఆక్టిన్ బంధం కొలిచి "మ్యుటెంట్ కూడా మామూలుగానే పనిచేస్తోంది" అని రాయడం తప్పుదోవ. తేటలో మిగిలింది ఎంపికైన చిన్న భాగమే కదా. వైల్డ్ టైప్‌ను (మార్పు లేనిదాన్ని), మ్యుటెంట్‌ను ఒకే రోజు, ఒకే ఇంక్యుబేటర్‌లో పెంచి, తేట-మడ్డి నిష్పత్తినే మొదటి ఫలితంగా నమోదు చేయండి. మిగిలిన తేట మడతపడిందో లేదో కాంతితో మడతను కొలిచే సర్క్యులర్ డైక్రోయిజంలో చూడండి. హెలిక్స్‌లకు (మెలికల మడతలకు) గుర్తు 208, 222 నానోమీటర్ల దగ్గర రెండు లోయలు. దానికి ముందు ఉప్పును తగ్గించి 10 మిల్లీమోలార్ ఫాస్ఫేట్‌లోకి మార్చండి. క్లోరైడ్ 200 నానోమీటర్ల కింద కాంతిని తినేస్తుంది.

నికెల్ కాలమ్: రెండు బ్యాండ్లు, లేదా సరైన చోటే తప్పు బ్యాండ్

మన ముక్కకు తగిలించిన హిస్-ట్యాగ్ (హిస్టిడిన్ల తోక) నికెల్‌ను పట్టుకుంటుంది, శుద్ధి దానితోనే. కానీ ఈ.కోలైలో ఎస్ఎల్‌వైడీ అనే హిస్టిడిన్ నిండిన ప్రొటీన్ నికెల్‌కు అతుక్కుంటుంది. జెల్ మీద 25 దగ్గర్లోనే నడుస్తుంది. దాన్ని మన ముక్క అనుకునే ప్రమాదం ఉంది. పెద్దదిగా 75 దగ్గర కనిపించేది సాధారణంగా ఆర్న్‌ఏ (ArnA) అనే మరో ఈ.కోలై ప్రొటీన్. ఉతికే బఫర్‌లో, నికెల్ నుంచి ప్రొటీన్లను విడిపించే ఇమిడజోల్ 30 నుంచి 40 మిల్లీమోలార్, ఉప్పు 500 మిల్లీమోలార్ ఉంచండి. ఇమిడజోల్ 250 మిల్లీమోలార్ దగ్గర ముక్కను కాలమ్ నుంచి దించండి.

ఇంకా శుభ్రత కావాలంటే టీఈవీ ప్రొటీయేజ్ అనే కోసే ఎంజైమ్‌తో ట్యాగ్ కోయండి. బరువు ప్రకారం 50 పాళ్ల ముక్కకు ఒక పాలు ఎంజైమ్, 4 డిగ్రీల దగ్గర రాత్రంతా, డయాలిసిస్‌లో (సన్నపొర సంచిలో బఫర్ మార్చడంలో) ఇమిడజోల్ పోయేలా. తర్వాత మళ్లీ నికెల్ మీద పోస్తే మన ముక్క కిందికి జారిపోతుంది, ఎస్ఎల్‌వైడీ, హిస్-ట్యాగ్ ఉన్న టీఈవీ పైనే ఉండిపోతాయి. టీఈవీ బరువు కూడా 28 దగ్గరే అని గుర్తుంచుకోండి. రెండో కాలమ్ దాటించకుండా జెల్ మీద రెండిటినీ విడదీయలేరు.

రెజిన్ (కాలమ్‌లోని నికెల్ పూసలు) గోధుమరంగుకు తిరిగితే సిస్టీన్ బంధాలను విడగొట్టే డీటీటీ ఎక్కువైంది, తెల్లబడితే ఎక్కడో నికెల్‌ను లాగేసే ఈడీటీఏ పడింది. ఈ దశలో డీటీటీ బదులు బీటా-మెర్కాప్టోఇథనాల్ 5 మిల్లీమోలార్ చాలు.

గాఢత పెంచుతుంటే మబ్బు పడుతోంది

మన దగ్గర దీనికి ఎవరూ అనుమానించని కారణం ట్రిస్ బఫర్. ట్రిస్ పీహెచ్ ఉష్ణోగ్రతతో మారుతుంది, డిగ్రీకి సుమారు 0.03. మే నెలలో ఏసీ లేని గదిలో, 35 డిగ్రీల దగ్గర 8.0కి సరిచేసిన బఫర్ కోల్డ్ రూమ్‌లోకి వెళ్లేసరికి 8.9 దాకా ఎక్కుతుంది. పీహెచ్ మీటరులో ఉష్ణోగ్రత సవరణ ఉంది కదా అని ధీమా వద్దు. అది ఎలక్ట్రోడ్‌ను సరిచేస్తుంది, బఫర్‌ను కాదు. ఈ ముక్కలో 10వ, 188వ స్థానాల్లో రెండు సిస్టీన్లు (గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు) ఉన్నాయి. పీహెచ్ పెరిగేకొద్దీ అవి చురుకై ఒకదానితో ఒకటి బంధం కట్టేస్తాయి. ప్రొటీన్‌ను కోసే ఎంజైములను ఆపే పీఎంఎస్ఎఫ్ కూడా అంతే, పీహెచ్ 8, 25 డిగ్రీల దగ్గరే అరగంట దాటేసరికి సగం నశిస్తుంది.

నిర్ధారణ సులువు: నమూనాను మెర్కాప్టోఇథనాల్ లేకుండా ఒక గడిలో, కలిపి మరో గడిలో నడపండి. లేని గడిలో మాత్రమే 56 దగ్గర బ్యాండ్ కనిపిస్తే అది డైసల్ఫైడ్ జంట. ట్రిస్‌ను 4 డిగ్రీల దగ్గరే సరిచేయండి, లేదా హెపీస్ బఫర్‌కు మారండి. డీటీటీ 1 మిల్లీమోలార్ చొప్పున వాడే రోజే కలపండి. పొడి సీసా మన ఉక్కలో తేమ పీల్చి గట్టిపడి ఉంటే పక్కనపెట్టండి.

పది కిలోడాల్టన్ల ఫిల్టర్‌లో ఒకేసారి అరగంట తిప్పితే పొర దగ్గర గాఢత విపరీతంగా పెరుగుతుంది. ఐదు నిమిషాలు తిప్పి, పైపెట్‌తో మెల్లగా కలిపి, మళ్లీ తిప్పండి. చివరికి పరిమాణం ప్రకారం విడదీసే సూపర్‌డెక్స్ 75 కాలమ్ మీదుగా పంపండి. 29 కిలోడాల్టన్ల కార్బోనిక్ అన్‌హైడ్రేజ్ దిగే చోటే మన శిఖరమూ రావాలి. అందరికన్నా ముందు దిగేదంతా ముద్దే.

వెస్టర్న్‌లో (యాంటీబాడీతో ప్రొటీన్‌ను గుర్తించే పరీక్షలో) ఏమీ కనిపించడం లేదు

కండర బయాప్సీలకు వాడే డీవైఎస్1, డీవైఎస్2, డీవైఎస్3 యాంటీబాడీలను పాథాలజీ విభాగం నుంచి అడిగి తెచ్చుకుంటారు. వాటితో ఈ ముక్క ఎప్పటికీ కనిపించదు. డీవైఎస్1 గుర్తించేది మధ్య రాడ్ భాగాన్ని, డీవైఎస్2 చివరి కొసను. ఎన్-కొస (మొదటి కొస) యాంటీబాడీగా పేరున్న డీవైఎస్3 కూడా 321 నుంచి 494 మధ్య అంటుతుంది. మన ముక్క 246 దగ్గరే ఆగిపోయింది. ట్యాగ్ కోయకముందు యాంటీ-హిస్‌తో చూడండి. తర్వాతైతే జన్యువు మొదటి ఎక్సాన్ (సంకేత భాగం) నుంచి వచ్చే కొసను గుర్తించే మానెక్స్1ఏ లాంటి యాంటీబాడీ కావాలి.

ఆక్టిన్ పరీక్షలో అంకెలు రోజుకోలా వస్తున్నాయి

ఈ పరీక్షలో ఆక్టిన్ తీగలతో కలిసి అడుగుకు దిగిన ముక్కను కొలుస్తారు. వాడే ముందు ప్రొటీన్‌ను 1,00,000 జీ దగ్గర అరగంట తిప్పి, తేటను మాత్రమే తీసుకుని, గాఢత మళ్లీ కొలవండి. ప్రతి ప్రయోగంలో ఆక్టిన్ లేని గొట్టం ఒకటి తప్పనిసరి. అందులోనూ ప్రొటీన్ అడుగుకు పోతే మీరు కొలిచింది బంధాన్ని కాదు, ముద్దను. కాలమ్ నుంచి వచ్చిన ఉప్పు మిగిలితే బంధం సడలుతుంది కాబట్టి 100 మిల్లీమోలార్‌కు డయలైజ్ చేయండి.

ఆక్టిన్ తానే పాలిమర్ (పొడవాటి తీగ) కావడం లేదా? లైసిస్‌లో (కణాలను పగలగొట్టేటప్పుడు) డీఎన్‌ఏ జిగురు తీయడానికి డీనేజ్-1 ఎంజైమ్ వాడారేమో చూడండి. అది ఆక్టిన్ మోనోమర్‌ను (తీగ కట్టని విడి ప్రొటీన్‌ను) అతి గట్టిగా పట్టుకునే ప్రొటీన్. కొద్దిగా మిగిలినా పరీక్ష పాడవుతుంది. దాని బదులు బెంజోనేజ్, 2 మిల్లీమోలార్ మెగ్నీషియంతో వాడండి.

ఫ్రీజర్‌లోంచి తీస్తే సగం పోయింది

20 నుంచి 50 మైక్రోలీటర్ల చొప్పున పంచి, ద్రవ నత్రజనిలో ముంచి, మైనస్ 80లో పెట్టండి. మైనస్ 20లో మెల్లగా గడ్డకడితే నష్టం ఎక్కువ. సోడియం ఫాస్ఫేట్ బఫర్‌లో అయితే గడ్డకట్టేటప్పుడు పీహెచ్ కూడా పడిపోతుంది. ఒకసారి కరిగించినదాన్ని మళ్లీ పెట్టొద్దు.

తుపాను రోజులకు వేరే ఏర్పాటు కావాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్, 2018 అక్టోబరు 11న తిత్లీ ఈ తీరానికే వచ్చాయి. అక్టోబరు రాకముందే ముఖ్యమైన గొట్టాల్లో సగాన్ని ద్రవ నత్రజని డ్యూవార్‌లోకి (వేడి చొరని పాత్రలోకి) మార్చండి. ఫ్రీజర్ ఖాళీ అరల్లో గడ్డకట్టిన ఐస్ ప్యాకులు నింపండి, కరెంటు పోయాక తలుపు తెరవొద్దు. ఐసు మీద నాణెం పెట్టి చూసే చిట్కా మైనస్ 80కి సరిపోదు. నాణెం మునగాలంటే సున్నా దాటాలి, ప్రొటీన్ అంతకు ముందే దెబ్బతింటుంది. ఉష్ణోగ్రత లాగర్ పెట్టండి.

కణాలకు వేస్తే వాపు సంకేతాలు వస్తున్నాయి

సీ2సీ12 అనే ఎలుక కండర కణాలు స్పందించేది డిస్ట్రోఫిన్‌కు కాకపోవచ్చు, ఈ.కోలై ఎండోటాక్సిన్‌కు (బయటి పొర విషానికి) కావచ్చు. దాన్ని కొలిచే లాల్ పరీక్ష చేసి, ట్రైటాన్ ఎక్స్-114 డిటర్జెంట్‌తో తీసేయండి. మరిగించిన ప్రొటీన్‌ను ఒక కంట్రోల్‌గా ఉంచండి. ఎండోటాక్సిన్ మరిగించినా పోదు కనుక అదే స్పందన వస్తే దోషి ఎవరో తెలుస్తుంది. పైగా ఈ ముక్క తనంతట తాను కణం లోపలికి పోదు. డిస్ట్రోఫిన్ పనిచేసేది పొర లోపలి వైపున. డుషెన్ ఉన్న పిల్లల తల్లిదండ్రులు "ఆ ప్రొటీన్ ఇంజెక్షన్‌గా ఇస్తారా" అని అడిగితే ఇదే కారణం చెప్పి, ఇది పరిశోధనకే తప్ప వైద్యానికి కాదని స్పష్టంగా చెప్పండి. గొట్టాల మీద కూడా ఆ మాట రాసి పెట్టండి.