కరెంటు చార్జీల బహిరంగ విచారణలో మన మాట చెప్పాలంటే ఎలా?

బిల్లు రాగానే తిట్టుకోవడం అందరం చేస్తాం కానీ రేటు ఖరారు చేసేముందే జనం అభ్యంతరాలు చూడాలని 2003 విద్యుత్ చట్టంలోనే ఉందని చాలామందికి తెలీదు.

ముందు పేపర్ చూడండి. డిస్కంలు (మనకి కరెంటు సరఫరా చేసే పంపిణీ సంస్థలు) వచ్చే ఏడాది ఖర్చు ఎంత, మన దగ్గర ఎంత వసూలు చెయ్యాలి అన్న లెక్కలు ఈఆర్సీకి, అంటే రేట్లు ఖరారు చేసే విద్యుత్ నియంత్రణ కమిషన్‌కి, ఇచ్చాక పేపర్లో సన్న అక్షరాల్తో ఒక నోటీసు పడ్తది, అభ్యంతరాలకి లాస్ట్ డేట్, విచారణ ఎక్కడ ఎప్పుడు అన్నీ అందులోనే ఉంటాయి.

డిస్కంలు ఇచ్చిన ఆ లెక్కల ఫైల్ వందల పేజీలుంటది, భయపడకండి, మొత్తం చదవక్కర్లేదు. మీ బిల్లు పక్కన పెట్టుకుని మీ కేటగిరీ పట్టిక ఒక్కటి వెతకండి. 2024లో తెలంగాణ డిస్కంలు నెలకి 300 యూనిట్లు దాటిన ఇళ్ళకి ఫిక్స్‌డ్ చార్జీ కిలోవాట్‌కి 10 రూపాయల నుంచి 50 చెయ్యాలని అడిగాయి, అంటే 3 కిలోవాట్ల ఇంటికి 30 కాస్తా 150, వాడినా వాడకపోయినా కట్టాల్సిందే. విచారణలయ్యాక కమిషన్ అడిగింది అడిగినట్టు ఒప్పుకోలేదు. ఇట్లాంటి ఒక్క లైన్ పట్టుకుంటే చాలు.

తర్వాత తెలుగులోనే తెల్లకాగితం మీద పేరు, అడ్రస్, సర్వీస్ నంబర్, ఏ రేటు ఎందుకు వద్దంటున్నారో రాయండి, "నేను స్వయంగా వచ్చి మాట్లాడతా" అని కూడా రాయండి, చాలామంది మర్చిపోయేది ఇదే. ఒక కాపీ డిస్కంకి, ఇంకోటి కమిషన్‌కి పంపి రసీదు దాచుకోండి. డిస్కం రాతపూర్వకంగా జవాబిస్తది, అది అన్నం గురించి అడిగితే కూర గురించి చెప్పినట్టుంటే విచారణలో మీరు అడగాల్సిన అసలు ప్రశ్న అక్కడే దొరికినట్టు.

విచారణ రోజు ముందు డిస్కం వాళ్ళు చాలాసేపు మాట్లాడతారు, తర్వాత పేర్లు పిలుస్తారు. నేను మొదటిసారి ఐదు పాయింట్లు రాసుకెళ్ళా, రెండోది సగంలో ఉండగానే టైం అయిపోయింది. అందుకే రూపాయల లెక్క ముందు చెప్పేయండి, కోపం తర్వాత. లైన్‌మన్ రాలేదు, మీటర్ గిర్రున తిరుగుతోంది లాంటివి ఇక్కడ ఎత్తితే టైం వేస్టు, వాటికి సీజీఆర్ఎఫ్ అని వినియోగదారుల ఫిర్యాదులు చూసే వేరే వేదిక ఉంది.

ఆర్డర్ వచ్చాక వదిలేయకండి. ఎవరేం అభ్యంతరం చెప్పారు, డిస్కం ఏమంది, కమిషన్ ఏం తేల్చింది అన్నీ అందులో వేస్తారు, మీ పాయింట్ కింద ఏం రాశారో వెతకండి.