పాత లారీ కొనేముందు ఇంజను, సైలెన్సరు చూసే పద్ధతి

లారీ చూడ్డానికి పొద్దున్నే వెళ్లండి. మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ఓనరుకు ముందురోజే చెప్పండి. వెళ్లగానే సైలెన్సరు మానిఫోల్డు మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా తగిలిందంటే మీరు రాకముందే ఒకసారి తిప్పేశారు. చల్లటి ఇంజనులో బయటపడే జబ్బులు సగం వేడెక్కాక కనపడవు. ఇంకో రోజు వస్తామని చెప్పి వచ్చేయండి.

స్టార్ట్ చేయకముందు

రేడియేటరు పై హోసు నొక్కండి. రాత్రంతా ఆగిన బండిలో అది మెత్తగా ఉండాలి. గట్టిగా ఉబ్బి ఉంటే సిలిండర్లోని గ్యాసు నీళ్లలోకి తోస్తోందేమోనని అనుమానించాలి. చల్లగా ఉన్నప్పుడే మూత తీసి చూడండి. నీళ్ల మీద నూనె తెట్టు కనిపిస్తే ఆయిల్ కూలరో, హెడ్ గాస్కెట్టో పోయినట్టు. కూలెంటు బదులు ఉత్త నీళ్లు పోసి ఉన్నా తేలిగ్గా తీసుకోకండి. లైనర్లకు (పిస్టను ఆడే గొట్టాలకు) నేరుగా నీళ్లు తగిలే ఇంజన్లను అలా ఏళ్ల తరబడి తిప్పితే లైనరు బయటివైపు సూదిపోట్లలా గుంటలు పడి, చివరికి చిల్లులవుతాయి.

ఆయిల్ గేజీ పుల్ల తీస్తే ఆయిలు పైగీత దాటి ఉందా? ఓనరు ఎక్కువ పోశాడని సరిపెట్టుకోకండి, డీజిలో నీళ్లో కలుస్తూ ఉండొచ్చు. పల్చబడి డీజిలు వాసన వస్తే నాజిల్ లేదా పంపు లీకు. పాలు కలిసినట్టు తెల్లబారితే నీళ్లు. నిన్ననే మార్చినట్టు మెరుస్తూ, మామూలు కంటే చిక్కగా సాగుతుంటే చప్పుడునీ పొగనీ దాచడానికి పోసిన మందు అయ్యుండొచ్చు.

కీ ఆన్ చేయగానే ఇంజను లైటు వెలిగి, స్టార్టయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగలేదంటే దాన్ని పనిచేయకుండా చేసి ఉండొచ్చు.

పొగ, ఆయిలు మూత

చల్లటి ఇంజను మొదట్లో కాస్త తెల్లపొగ వదలడం మామూలే. వేడెక్కాక కూడా తీపి వాసనతో తెల్లగా వస్తూనే ఉంటే కూలెంటు కాలుతోంది. బండి లాగుతున్నంతసేపూ నీలం పొగ వస్తే పిస్టను రింగులు, లైనర్లు అరిగినట్టు. ఐదు నిమిషాలు ఐడిల్లో ఉంచి యాక్సిలరేటరు తొక్కగానే ఒక్కసారి నీలంగా దూకితే వాల్వు సీళ్లో, టర్బో (పొగ తోపుతో తిరిగి ఇంజనులోకి గాలి నెట్టే ఫ్యాను) సీలో పోయినట్టు. నల్లపొగ వెనక గాలి తక్కువైన కథో, డీజిలు ఎక్కువైన కథో ఉంటుంది: ఎయిర్ ఫిల్టరు, ఇంటర్‌కూలరు హోసు, టర్బో, నాజిళ్లు, ఆ వరసలో చూడండి. ఫిల్టరు డబ్బా మూత తప్పకుండా తీయండి, పొగ తగ్గించడానికి లోపల ఫిల్టరే లేకుండా అమ్మేవాళ్లున్నారు.

తర్వాత ఇంజను ఐడిల్లో ఉండగానే ఆయిలు పోసే మూత తీసి, బోర్లించి అదే రంధ్రం మీద వదిలేయండి. కొంచెం వణికితే ఫరవాలేదు. ఎగిరి పడినా, కింద నుంచి పొగ దమ్ములు దమ్ములుగా తన్నుకొచ్చినా కంప్రెషను, అంటే సిలిండర్లోని గ్యాసు, రింగులు దాటి కిందికి దిగుతోంది. అయితే ఇక్కడే చాలామంది పొరబడతారు. ఎయిర్ బ్రేకు కంప్రెసరు రింగులు అరిగినా ఆ గాలి ఇంజను అడుగు భాగంలోకే వస్తుంది. ట్యాంకుల్లో గాలి నిండి, గవర్నరు (నిండగానే గాలి ఎక్కించడం ఆపే వాల్వు) ‘ఫుస్స్’ మని కోసేశాక మళ్లీ మూత చూడండి. అప్పుడు దమ్ము బాగా తగ్గితే జబ్బు కంప్రెసరుది, ఇంజనుది కాదు. ఎయిర్ ట్యాంకు డ్రైన్ తిప్పితే నూనె నురగ కూడా కారుతుంది. ఈ ఒక్క పరీక్ష మీద బేరం మొత్తం మారిపోతుంది.

ఇంజను ఆపి, టర్బో గాలి హోసు విప్పి ఇరుసు కదపండి. పక్కలకు వెంట్రుకవాసి కదలిక ఉంటుంది. ముందుకూ వెనక్కూ మాత్రం చేతికి తెలిసేంత ఆడకూడదు, రెక్కలు గోడకు రాసుకున్న గీతలు ఉండకూడదు.

సైలెన్సరు వైపు

మానిఫోల్డు జాయింట్ల దగ్గర నల్లటి మసి చారలు వెతకండి. చల్లగా ఉన్నప్పుడు టిక్ టిక్ మని వినపడి, వేడెక్కాక తగ్గే చప్పుడు సాధారణంగా అక్కడి లీకుదే. టర్బోకి ముందు లీకైతే బూస్టు (టర్బో తోసే గాలి ఒత్తిడి) పడిపోయి లాగుడు పోతుంది. ఎగ్జాస్టు బ్రేకు బటర్‌ఫ్లై (పొగ గొట్టాన్ని మూసి బండిని నెమ్మది చేసే రేకు) సగం మూసుకుని బిగుసుకున్నా అదే లక్షణం, దాన్ని కదిపి చూడ్డం చాలామంది మరిచిపోతారు.

2020 ఏప్రిల్ 1 నుంచి రిజిస్టరైన బీఎస్-6 (కొత్త పొగ నిబంధనల) బండ్లలో అసలు డబ్బు పోయేది ఇక్కడే. ఇంజను చల్లగా ఉన్నప్పుడు తెల్లగుడ్డ వేలికి చుట్టి సైలెన్సరు గొట్టం లోపల తుడవండి. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) ఉన్న బండిలో గుడ్డ దాదాపు శుభ్రంగా రావాలి. కాటుకలా అంటితే ఫిల్టరు పగిలిందో, లోపల ఖాళీ చేశారో.

పొగలోని విషవాయువు తగ్గించడానికి సైలెన్సరులోకి చిమ్మే యూరియా ద్రవం ట్యాంకు మూత తీసి కళ్లతో చూడండి. ట్యాంకు ఎండిపోయి మీటరు మాత్రం నిండుగా చూపిస్తే ఎమ్యులేటరు (అంతా బాగుందని కంప్యూటరును నమ్మించే దొంగ డబ్బా) పెట్టి ఉండొచ్చు. నిండుగా ఉంటే రెండు చుక్కలు స్టీలు చెంచాలో వేసి ఆరబెట్టండి. అసలైన యూరియా ద్రవంలో 32.5 శాతం యూరియా ఉంటుంది, తెల్లటి పొడి మిగులుతుంది. ఏమీ మిగలకపోతే పోసింది నీళ్లే. నాక్స్ (నైట్రోజన్ ఆక్సైడ్ వాయువు) కొలిచే సెన్సార్ల వైర్లు కోసి అతికించిన టేపు, దారిలో తగిలించిన చిన్న డబ్బా, పీకేసిన ఫ్యూజు ఉన్నాయేమో వెతకండి. పొల్యూషన్ సర్టిఫికెట్ చూపిస్తే నమ్మకండి. డీజిలు బండికి ఆ పరీక్ష పొగ చిక్కదనమే కొలుస్తుంది, యూరియా సిస్టం సంగతి దానికి తెలియదు.

చివరగా లోడుతో, వీలైతే ఫ్లైఓవరు ఎక్కించి చూడండి. ఖాళీ బండి ఏ జబ్బునైనా దాస్తుంది. అరగంట తిప్పినా టెంపరేచరు ముల్లు కిందే ఉండిపోతే హీటింగు బయటపడకుండా థర్మోస్టాటు పీకేసి ఉండొచ్చు.

రింగులు పోయిన ఇంజనుకి రిపేరు ఖర్చు లెక్కగట్టి ధరలో కోయొచ్చు. యూరియా వైర్లు కోసిన బండిని మాత్రం తక్కువకిచ్చినా వదిలేయడమే నయం. పంపు, నాజిల్, రెండు నాక్స్ సెన్సార్లు, క్యాటలిస్టు (యూరియాతో పొగను శుభ్రం చేసే డబ్బా), వీటిలో ఏది ముందు పోతే ఆ వైర్లు కోశారో విప్పేదాకా ఎవరూ చెప్పలేరు.