నాన్న ఫుట్‌బాల్ టీవీలోనే చూడాలంటే: ఏ నెల డబ్బు కట్టాలి, ఏ నెల ఆపాలి

మా నాన్నకు 78 ఏళ్లు. జకార్తా ఆసియా క్రీడల్లో మన జట్టు స్వర్ణం గెలిచిన 1962లో ఆయనకు 14. ఆ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్ మనిషి, ముందు వరుసలో ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు. ఈ రెండు పేర్లూ మా ఇంట్లో దగ్గరి చుట్టాల పేర్లలా వినబడుతుంటాయి.

పోయిన చలికాలంలో ఒక రాత్రి ఒంటిగంటన్నరకు మ్యాచ్. విద్యానగర్‌లో మా వీధంతా నిద్రలో ఉంది. నాన్న పది గంటలకే కాసేపు పడుకుని, ఒంటిగంటకు లేచి మొహం కడుక్కుని, శాలువా కప్పుకుని కుర్చీలో కూర్చున్నారు. నేను ఫోన్లో ప్లాన్ కొని, టీవీలో యాప్ తెరిచాను. ఈ ప్లాన్ మొబైల్‌కు మాత్రమే అని తెర మీద వచ్చింది. స్టీలు గ్లాసుకు ఫోన్ ఆనించి ఆయన ముందు పెట్టాను. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయిన మనిషికి ఆ చిన్న తెర మీద బంతి ఎలా కనిపిస్తుంది? పది నిమిషాలు చూసి, "స్కోరు పొద్దున చెప్పురా" అని వెళ్లి పడుకున్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటినుంచి మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. మీ ఇంట్లోనూ పెద్దవాళ్లో పిల్లలో ఫుట్‌బాల్ చూసేవాళ్లుంటే ఇది పనికొస్తుంది.

ముందు తెలుసుకోవాల్సింది, అన్ని లీగులూ ఒకచోట దొరకవు. 2025-26 సీజన్‌లో ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ జియోహాట్‌స్టార్‌లో, యూరప్ మేటి క్లబ్బులు ఆడే ఛాంపియన్స్ లీగ్ సోనీ లివ్‌లో, స్పెయిన్ లా లిగా ఫ్యాన్‌కోడ్‌లో వచ్చాయి. 2022 ప్రపంచకప్ జియోసినిమాలో ఉచితంగా చూశాం కాబట్టి ఫుట్‌బాల్ అంటే ఫ్రీ అని నాన్నకు అలవాటైపోయింది. ప్రసార హక్కులు కొన్నేళ్లకోసారి చేతులు మారుతుంటాయి. పోయినేడు ఇక్కడ వచ్చింది కదా అని డబ్బు కట్టేయకండి. ప్రతి లీగ్ సొంత వెబ్‌సైట్‌లో ఏ దేశంలో ఎవరు ప్రసారం చేస్తున్నారో రాసి ఉంటుంది. అది చూశాకే ఫోన్ తీయండి.

తర్వాత పని క్యాలెండర్‌తో. నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇదే. ఏడాది ప్లాన్ చవక అని యాప్ చెబుతుంది. కానీ యూరప్ లీగులు ఆగస్టులో మొదలై మే చివరికి అయిపోతాయి. ఫిబ్రవరిలో ఏడాది ప్లాన్ తీసుకుంటే జూన్, జూలై నెలల డబ్బు ఖాళీ మైదానానికి కట్టినట్టే. ప్రీమియర్ లీగ్ ప్రతి వారం చూసేవాళ్లకు ఆగస్టులో తీసుకున్న ఏడాది ప్లాన్ గిట్టుబాటవుతుంది. ఛాంపియన్స్ లీగ్ లెక్క వేరు. అందులో మొదటి దశలో ఒక్కో జట్టు ఆడేది 8 మ్యాచ్‌లే. 2025-26లో అవి సెప్టెంబర్ 16న, ఆ నెలాఖరున, అక్టోబర్ 21, నవంబర్ 4, నవంబర్ 25, డిసెంబర్ 9, జనవరి 20, జనవరి 28 తేదీల చుట్టూ పడ్డాయి. రెండేసి చొప్పున జత కట్టి చూడండి, ప్రతి జతా 30 రోజుల్లోపే ఉంది. అంటే ఐదు నెలల ఆటకు నాలుగు నెలల డబ్బు చాలు. కిటుకంతా ఒక్కటే: నెల ప్లాన్‌ను ఒకటో తారీఖున కాదు, మ్యాచ్ ఉన్న రోజు సాయంత్రం కొనాలి. మా గోడ క్యాలెండర్ మీద నాన్న ఎర్ర పెన్నుతో మ్యాచ్ తేదీలకు సున్నా చుడతారు, నేను పక్కన రూపాయి గుర్తు పెడతాను.

టైము విషయంలో ఒక జాగ్రత్త. అక్టోబర్ చివరి ఆదివారం యూరప్‌లో గడియారాలు వెనక్కి తిప్పుతారు. అంతవరకు మనకు శనివారం రాత్రి ఏడున్నరకు మొదలయ్యే ఇంగ్లండ్ మ్యాచ్‌లు ఆ తర్వాత ఎనిమిదిన్నరకు, పన్నెండున్నర మ్యాచ్‌లు ఒంటిగంటన్నరకు వెళ్తాయి. మార్చి చివర్లో మళ్లీ మామూలే.

కొనేముందు ప్లాన్ కింద చిన్న అక్షరాల్లో రాసింది చదవండి. టీవీలో ఆడుతుందా, ఒకేసారి ఎన్ని తెరల మీద చూడొచ్చు, నాణ్యత ఎంత. రీచార్జితోనో బ్రాడ్‌బ్యాండ్‌తోనో ఉచితంగా వచ్చేవి కూడా చాలాసార్లు మొబైల్‌కే పరిమితం. మ్యాచ్ రోజు మధ్యాహ్నమే టీవీలో ఏదో ఒక పాత వీడియో పెట్టి చూసుకుంటే అర్ధరాత్రి టెన్షన్ ఉండదు.

డబ్బు కట్టగానే చేయాల్సిన పని, గడువు తీరగానే దానంతటదే డబ్బు కోసుకునే ఆటోపే తీసేయడం. ఒక యాప్ మాకు జూన్‌లో, ఒక్క మ్యాచ్ కూడా లేని నెలలో, మరో ఏడాదికి డబ్బు కోసేసుకుంది. అడిగితే తిరిగి ఇవ్వడం కుదరదన్నారు. ఫోన్లోంచి యాప్ తీసేస్తే ఆటోపే పోదు. మీ యూపీఐ యాప్‌లో ఆటోపే అనే చోటికి వెళ్లి, అక్కడ రద్దు చేయాలి. కార్డుతో కట్టి ఉంటే డబ్బు కోసే 24 గంటల ముందు మెసేజ్ రావాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది, దాన్ని ప్రకటన అనుకుని తుడిచేయకండి. అన్యాయంగా కోశారనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. నేను ఆలస్యంగా తెలుసుకున్నాను, మీరు ముందే రాసిపెట్టుకోండి.

ఇంట్లో కేబుల్ కనెక్షన్ ఉంటే ఆ దారి కూడా చూడండి. పెద్ద ప్యాకేజీ అక్కర్లేదు. 2019 నుంచి అమల్లో ఉన్న ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) పద్ధతి ప్రకారం కావాల్సిన చానల్ ఒక్కటే విడిగా అడిగి తీసుకోవచ్చు. కేబుల్ అబ్బాయి "ప్యాకేజీలోనే వస్తుందండీ" అంటాడు, అయినా విడి చానల్ ధర అడగండి. నాన్నలాంటి వాళ్లకు రిమోట్‌లో నంబరు నొక్కితే వచ్చే ఆటే హాయి.

ఎవరో పంపిన ఫ్రీ లింకులు మాత్రం వద్దు. మ్యాచ్ పేరు చెప్పి ఏదో యాప్ ఎక్కించుకోమంటాయి, ఆ ఫోన్లోనే మన బ్యాంకు ఖాతా ఉంటుంది. పొరపాటున డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి.

ఇంకొక్క మాట. యాప్‌లో ఆట నిజంగా జరిగేదానికంటే కొంత వెనకబడి వస్తుంది. మా మేడ మీద అద్దెకుండే కుర్రాళ్లు కేబుల్‌లో చూస్తారు, గోల్ పడితే వాళ్ల కేక మాకు ముందే వినబడుతుంది. నాన్న అదేమీ పట్టించుకోరు. కానీ స్కోరు చెప్పే నోటిఫికేషన్ టింగుమంటే మాత్రం చిన్నబుచ్చుకుంటారు. అందుకే మ్యాచ్ మొదలయ్యే ముందు ఫోన్ సైలెంట్‌లో పెట్టి, వంటింట్లో బియ్యం డబ్బా మీద పెట్టి వస్తాను.