సేటు లేకున్నా షాపు నడవాలంటే: పనివాళ్లకు పని అప్పగించడం ఎలా?

హన్మకొండ, వరంగల్ మొదలు కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల దాకా నలుగురైదుగురు పనివాళ్లతో నడిచే షాపులు చాలావాటికి ఒకటే ఇబ్బంది. గిరాకీ ఉంటుంది, సరుకు ఉంటుంది, చేసే మనుషులూ ఉంటారు. సేటు గల్లా దగ్గర నుంచి లేస్తే మాత్రం అన్నీ ఆగుతాయి. బేరం ఆయనే తెంపాలి, ఉద్దెర ఆయనే ఒప్పుకోవాలి, వాపసు తెచ్చిన నల్లాను తీసుకోవాలో వద్దో ఆయనే చెప్పాలి. చుట్టాల పెళ్లికి పోయినా ఫోన్ చెవికే ఉంటుంది. ఇలాంటి వ్యాపారం ఒక మనిషి ఓపిక ఎంతో అంతవరకే పెరుగుతుంది, రెండో బ్రాంచి ఆలోచన అక్కడే ఆగిపోతుంది.

చాలామంది సేట్లు పని అప్పగించామనే అనుకుంటారు. నిజానికి అప్పగించింది చాకిరీ మాత్రమే, నిర్ణయం తమ దగ్గరే పెట్టుకున్నారు. పైపు కోసి ఇచ్చేది కుర్రాడు, ధర చెప్పేది మీరు. ఆ నిర్ణయాన్ని హద్దులతో సహా అతని చేతికి ఎలా ఇవ్వాలో ఇక్కడ చూద్దాం. ఉదాహరణకు ప్లంబింగ్, శానిటరీ సామాను షాపును తీసుకున్నాం. బట్టల షాపైనా, కిరాణా అయినా పద్ధతి ఇదే, అంకెలు మారతాయి.

ముందు వారం రోజులు రాయండి

గల్లా పక్కన ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. పనివాళ్లు మిమ్మల్ని అడిగే ప్రతి ప్రశ్నను ఒక్క లైనులో రాయండి: ఎవరు అడిగారు, ఏమడిగారు, ఎన్ని రూపాయల సంగతి. ఫోన్‌లో అడిగినవీ రాయాలి. వారం తర్వాత చూస్తే ఆ ప్రశ్నలన్నీ ఐదారు రకాల్లోకి వస్తాయి. ఎంత తగ్గించాలి, ఉద్దెర ఇవ్వాలా, వాపసు తీసుకోవాలా, ఆటో కిరాయి ఎవరు పెట్టుకోవాలి, ఫలానా సరుకు ఎప్పుడొస్తుంది. ఎక్కువ సార్లు వచ్చిన ప్రశ్నకు ఎదురుగా రూపాయలు తక్కువ ఉంటే, మొదట అప్పగించాల్సింది అదే.

ఇక్కడ ఒక పొరపాటు జరుగుతుంది. తమకు విసుగనిపించే పనిని ముందు వదిలించుకోవాలని చూస్తారు. బాకీల వసూలో, జీఎస్టీ కాగితాలో అలా కొత్తవాడి మీద పడతాయి. మొదటి పనికి మూడు లక్షణాలు ఉండాలి: రోజూ వచ్చేది కావాలి, తప్పు పోతే నష్టం వందల్లోనే ఉండాలి, ఆ తప్పు అదే రోజు సాయంత్రానికి కనిపించాలి. పెద్ద ఉద్దెరలు, అప్పులు, మనుషులను పెట్టుకోవడం, తీసేయడం ఇప్పట్లో మీ దగ్గరే ఉంచుకోండి.

తగ్గింపు లెక్క నేర్పకుండా బేరం అప్పగించొద్దు

బేరం తెంపే పని ఇవ్వడానికి సేట్లు భయపడతారు. ఆ భయానికి కారణం ఉంది: పనివాడికి అమ్మకపు ధరే తెలుసు, అందులో మిగిలేది ఎంతో తెలియదు. ఒకసారి కూర్చోబెట్టి కాగితం మీద వేసి చూపించండి. పన్ను పక్కన పెడితే, 820 రూపాయలకు కొన్న నల్లాను 1,000కి అమ్ముతున్నాం, మిగిలేది 180. గిరాకీ 5 శాతం తగ్గించమంటే 50 రూపాయలు పోయి 130 మిగులుతుంది. ధరలో పోయింది 5 శాతమే, మన మిగులులో పోయింది నాలుగో వంతుకు పైనే. 10 శాతం ఇస్తే మిగిలేది 80. అదే 180 రూపాయలు సంపాదించాలంటే రెండింతలకు మించి నల్లాలు అమ్మాలి. ఈ లెక్క ఒక్కసారి కళ్లారా చూసిన కుర్రాడు "పోనీ తియ్, వంద తగ్గిస్త" అని ఊరికే అనడు.

ఆ తర్వాత హద్దులు రాయండి. అన్ని సరుకులకూ ఒకటే శాతం పెట్టొద్దు. ఎక్కువ మిగిలే నల్లాలు, షవర్ల మీద అడగకుండా 7 శాతం దాకా, తక్కువ మిగిలే పైపుల మీద 2 శాతం దాకా, కొన్నిటి మీద అసలు తగ్గింపే లేదు. మీ కొనుగోలు బిల్లులు చూసి మీ అంకెలు మీరు వేసుకోండి. మొదటిసారే హద్దు చివరికి పోవద్దని, 7లో ముందు 3 ఇచ్చి చూడమని కూడా చెప్పాలి, లేకపోతే హద్దే ధరగా మారిపోతుంది.

ఒక పనికి ఒక కాగితం

నోటితో చెప్పిన హద్దు నెల తిరిగేసరికి మీకు ఒకలా, అతనికి ఒకలా గుర్తుంటుంది. ఒక్కో పనికి ఒక పేజీ చాలు, అతను చదవగలిగే తెలుగులో. అందులో ఉండాల్సినవి: పని ఎందుకు, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది, అడగకుండా ఎంతవరకు చేయొచ్చు, ఏది తప్పక అడగాలి, చేసినట్టు ఎక్కడ రాయాలి.

సరుకు ఆర్డర్ పెట్టే పనికి కాగితం ఇలా ఉంటుంది. ముప్పావు ఇంచు సీపీవీసీ పైపులు రోజుకు 12 పోతున్నాయి. హైదరాబాద్ నుంచి లోడు రావడానికి 3 రోజులు పడుతుంది, అంటే 36. ట్రాన్స్‌పోర్ట్ ఆలస్యమైతే అని ఇంకో రెండు రోజుల నిల్వ, 24. మొత్తం 60. స్టాండులో 60 పైపులు మిగిలిన రోజే ఆర్డర్ పోవాలి, సేటును అడగాల్సిన పని లేదు. ఒక ఆర్డర్ 15,000 దాటితే, లేదా కంపెనీ ధర పెంచితే అడగాలి. ఎండాకాలంలో ఇళ్ల పనులు జోరందుకుంటాయి గనుక ఆ రోజుకు 12 అనే అంకెను మూడు నెలలకోసారి మార్చాలి. మార్చకపోతే మే నెలలో ఖాళీ స్టాండు, వానాకాలంలో ఇరుక్కుపోయిన పైసలు.

ఉద్దెరకు హద్దు ఇంకా గట్టిగా ఉండాలి. మేస్త్రీ తన పేరు మీద సామాను తీసుకుంటాడు, ఇంటాయన దగ్గర పైసలు తీసుకుంటాడు, ఆ రెండింటి మధ్య మన బాకీ ఇరుక్కుంటుంది. కాబట్టి పాత మేస్త్రీకి 20,000 వరకు, 30 రోజులు దాటిన బాకీ ఒక్కటున్నా కొత్త ఉద్దెర లేదు, బిల్లు మీద సంతకం, ఇంటి యజమాని ఫోన్ నంబరు తప్పనిసరి. "ఎనుమాముల మార్కెట్ల మిర్చి అమ్మినంక ఇస్త" అని రైతు నేరుగా అడిగితే ఆ నిర్ణయం మాత్రం మీదే. పంట ఎట్లుంది, ధర ఎట్లుంది, మనిషి ఎట్లాంటివాడు అనేది పేజీలో రాయగలిగేది కాదు.

నేర్పడానికి మూడు వారాలు పెట్టుకోండి

మొదటి వారం మీరు చేస్తుంటే అతను చూడాలి, ప్రతి నిర్ణయానికీ కారణం పైకి చెప్పండి. రెండో వారం అతను చేయాలి, మీరు పక్కన ఉండి మాట్లాడకూడదు. ఏదైనా చెప్పాలంటే గిరాకీ వెళ్లాక. మూడో వారం మీరు షాపులోనే వేరే చోట ఉండండి.

రోజుకు అరగంట తీసుకునే పని నేర్పడానికి మొత్తం 6 గంటలు పట్టిందనుకోండి, 12 రోజుల్లో ఆ సమయం మీకు తిరిగొస్తుంది. "చెప్పేదాని కంటే నేనే చేసుకుంటే అయిపోతుంది" అనిపించినప్పుడల్లా ఈ లెక్క వేసుకోండి. అతను మీలాగే మాట్లాడాలని, మీలాగే బేరమాడాలని మాత్రం పట్టు పట్టొద్దు. బిల్లు సరిగ్గా ఉందా, హద్దు దాటలేదు కదా, గిరాకీ గొడవ పడకుండా పోయాడా, ఇంతే చూడండి.

గల్లా మూసే పని

ఎవరికైనా అప్పగించేముందు సేటు నిద్ర చెడగొట్టేది ఇదే. పద్ధతి ఉంటే ఇది అన్నిటికంటే సులువుగా సరిచూసుకోగలిగే పని. రాత్రి షాపు మూసే ముందు ఒక చిట్టీ రాయాలి. పొద్దున గల్లాలో 3,000, నగదు అమ్మకం 21,450, పాత ఉద్దెర వసూలు 2,500, ఆటోకూ చాయ్‌కూ పోయింది 640, బ్యాంకులో వేసింది 15,000. ఉండాల్సింది 11,310. దాని కింద నోట్లు: 500వి 20, 200వి 4, 100వి 3, 50వి 2, 10వి 11. ముందు నోట్లు లెక్కపెట్టి రాసి, ఆ తర్వాతే ఉండాల్సింది ఎంతో చూడాలి. ముందే చూస్తే చెయ్యి ఆ అంకెకే లెక్కపెడుతుంది. బిల్లు కొట్టే మనిషి, గల్లా లెక్కపెట్టే మనిషి వేరు వేరుగా ఉంటే ఇంకా మంచిది.

తేడా వస్తే కారణం తేడాలోనే దొరుకుతుంది. సరిగ్గా ఒక బిల్లు మొత్తం తగ్గితే, ఫోన్‌పేలో వచ్చిన అమ్మకాన్ని నగదు కింద రాసి ఉంటారు. ఎక్కువ వస్తే ఉద్దెర వసూలు రాయడం మరిచిపోయి ఉంటారు. వాపసు తీసుకున్న సామానుకు చిట్టీ రాయకపోతే అంత మేరకు తగ్గుతుంది. తక్కువ పడిన 50 రూపాయలను కుర్రాడు తన జేబులోంచి వేయకూడదని ముందే గట్టిగా చెప్పండి. తగ్గినప్పుడు జేబులోంచి వేసేవాడు, ఎక్కువైనప్పుడు జేబులో వేసుకోవడానికి అలవాటు పడతాడు, మీకు చిట్టీ రోజూ సరిగ్గానే కనిపిస్తుంది. తేడాను తేడాగానే రాయనివ్వండి. ఇంకొకటి: గిరాకీ చూపించే స్క్రీన్‌షాట్ పేమెంట్ కాదు. షాపు సౌండ్ బాక్స్ చెప్పాలి, లేదా షాపు ఫోన్‌లో పైసలు కనిపించాలి.

జీఎస్టీ, బ్యాంకు పనులు అకౌంటెంట్‌కు ఇవ్వొచ్చు, కానీ నోటీసు వచ్చేది మీ పేరు మీదే. నెలనెలా రిటర్నులు వేసేవారికి జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాల రిటర్ను) గడువు 11వ తేదీ, జీఎస్టీఆర్-3బీ (పన్ను లెక్క చూపి కట్టే రిటర్ను) గడువు 20వ తేదీ. 9న, 18న "అయిందా?" అని అడిగి, రసీదు చూడటం మీ పని. బ్యాంకులో ఒకరు ఎంటర్ చేస్తే ఇంకొకరు ఒప్పుకునే సౌకర్యం ఉన్న కరెంట్ ఖాతా తీసుకోండి, ఓటీపీ మాత్రం ఎవరికీ చెప్పొద్దు.

మళ్లీ మీ దగ్గరికే వచ్చే పని

అప్పగించిన నెలకు ఎక్కువగా జరిగేది ఇది. కుర్రాడు వచ్చి "సేటూ, ఈయన ఇంకో వంద తగ్గియ్యమంటుండు, ఇయ్యాల్నా?" అంటాడు. మీరు "ఇయ్యి" అన్నారంటే ఆ పని మళ్లీ మీదైపోయింది. "కాగితంల ఎంతుంది? నువ్వేం జేద్దామనుకుంటున్నవ్?" అని అడగండి. అతను చెప్పింది హద్దులో ఉంటే, మీకు నచ్చకపోయినా, అదే జరగనివ్వండి.

దీనికంటే పెద్ద దెబ్బ గిరాకీ వైపు నుంచి వస్తుంది. పాత గిరాకీ కుర్రాడిని దాటుకుని నేరుగా మీ దగ్గరికి వస్తాడు. మీరు మొహమాటపడి అతను ఇచ్చిన దానికంటే 50 ఎక్కువ తగ్గిస్తే, ఆ రోజు నుంచి అతని మాటకు విలువ పోతుంది, ప్రతి గిరాకీ సేటు కోసమే చూస్తాడు. "ఆయన చెప్పిందే ధర అన్నా, నేనైనా అంతే" అనగలగాలి. ఈ నియమం ఇంట్లోవాళ్లకూ వర్తిస్తుంది. సాయంత్రం పూట వచ్చి గల్లాలో కూర్చునే తమ్ముడో, బామ్మర్దో హద్దు మారిస్తే కాగితానికి అర్థం లేదు.

మొదటి తప్పు జరిగినప్పుడు మీరు ఎలా ఉంటారనేది అందరూ చూస్తారు. గిరాకీ ముందు తిట్టారా, ఇక ఎవరూ నిర్ణయం తీసుకోరు, ప్రతిదీ అడుగుతారు. హద్దులో ఉండి నష్టం వస్తే ఆ నష్టం షాపుది. హద్దు దాటితే సాయంత్రం పక్కకు పిలిచి, కాగితం ముందు పెట్టి మాట్లాడండి. తప్పును దాచిపెట్టడం మాత్రం వేరే సంగతి, దాన్ని మొదటిసారే గట్టిగా పట్టించుకోవాలి.

"అన్నీ నేర్పితే రేపు పక్కనే షాపు పెట్టుకుంటడు" అన్న భయం ఈ బజార్లలో ఊరికే పుట్టింది కాదు, అలా పెట్టుకున్నవాళ్లు ఉన్నారు. దానికి చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. గిరాకీల నంబర్లు, వాట్సాప్ ఆర్డర్లు షాపు ఫోన్‌లోనే ఉండాలి, కుర్రాడి సొంత ఫోన్‌లో కాదు. కంపెనీలతో ధరల మాట మీ దగ్గరే ఉండాలి. బాధ్యత పెంచిన రోజే జీతం సంగతి చెప్పాలి: మూడు నెలలు సరిగ్గా నడిపితే ఏ నెల నుంచి ఎన్ని రూపాయలు పెరుగుతుందో అంకెతో సహా, అడిగించుకోకుండా ఇవ్వాలి. ఎదిగే దారి లేని చోట నేర్చుకున్నవాడూ పోతాడు, నేర్చుకోనివాడే మిగులుతాడు.

లేకుండా ఉండి చూడండి

రెండు నెలల తర్వాత పరీక్ష. ముందు ఒక పూట, తర్వాత ఫోన్ ఎత్తకుండా ఒక రోజంతా, ఆపైన మూడు రోజులు షాపుకు దూరంగా ఉండండి. గిరాకీ తక్కువుండే రోజులు ఎంచుకోండి. సద్దుల బతుకమ్మ, దసరా ముందు వద్దు. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతర రోజుల్లో పనివాళ్లే సెలవు అడుగుతారు. ఫోన్ దేనికి చేయాలో గోడకు రాసి పెట్టండి: ఎవరికైనా దెబ్బ తగిలితే, అధికారులు వస్తే, 25,000 మించిన నిర్ణయమైతే. మిగతా ప్రశ్నలన్నీ అదే నోట్‌బుక్‌లో రాయమనండి.

తిరిగొచ్చాక ముందు మూడు రోజుల గల్లా చిట్టీలు, తర్వాత ఒక పది రకాల సరుకు లెక్క, ఆ తర్వాత నోట్‌బుక్ చూడండి. అందులోని ప్రతి ప్రశ్న పక్కన మూడింట్లో ఒకటి రాయండి: హద్దు పెంచాలి, కాగితం సరిచేయాలి, లేదా ఇది నా దగ్గరే ఉండాలి. సరిచేసిన కాగితం మరుసటి పొద్దున అతనితోనే పైకి చదివించి, కొత్త తేదీ వేసి, పాతది చింపేయండి. రెండు కాగితాలు షాపులో ఉంటే ఎవరికి నచ్చింది వాళ్లు చూపిస్తారు.