కెరీర్ మార్చి నర్సింగ్‌లోకి, 4వ పాఠం: ఎన్ని ప్రోగ్రాములకి అప్లై చెయ్యాలి

ఈసారి ఎస్సేల గురించి చెప్దామనుకున్నా, పోయిన పాఠం హోంవర్కుకి మీరు పంపిన లిస్టులు చూశాక అది పక్కన పెట్టేశా. "మీకు సరిపోయే అమెరికా ప్రోగ్రాములు రాసి పంపండి" అంటే ఒకరు 18 పంపారు, ఇంకొకరు 23, ఒకావిడైతే రాష్ట్రాలవారీగా రంగులేసి మరీ ఎక్సెల్ షీట్ పంపింది. కష్టపడ్డారు, కాదనను. కానీ ఆ షీట్లో ఫీజు ఉంది, ఊరు ఉంది, అక్కడ మన చుట్టాలెవరున్నారో కూడా ఉంది, ప్రీరిక్విజిట్స్‌కి, అంటే చేరకముందే చదివుండాల్సిన సబ్జెక్టులకి, మాత్రం ఒక్క కాలమ్ లేదు.

ఈ అలవాటు ఎక్కడిదో తెలుసు నాకు. మనమంతా ఎంసెట్ వెబ్ ఆప్షన్స్ పెట్టుకుని పెద్దయినవాళ్ళం. అక్కడ ర్యాంకు ఒకటే, రూలు ఒకటే, వందో ఆప్షన్‌కి విడిగా పైసా కట్టక్కర్లేదు, అందుకని ఎన్ని పెడితే అంత మంచిదని సీనియర్లు చెప్తారు, అక్కడికి అది కరెక్టే. అమెరికా నర్సింగ్‌కి కన్వీనర్ లేడు, ర్యాంకు లేదు, ప్రతి కాలేజీ తన రూలు తనే రాసుకుంటుంది. నర్సింగ్‌క్యాస్ అనే ఉమ్మడి అప్లికేషన్ సైటు ఉంది గదా, ఒక్క ఫారంతో అందరికీ పోతుంది గదా అని కొందరు అడిగారు. ఫారం ఒకటే, నిజమే, కానీ కలిపే ప్రతి ప్రోగ్రాముకీ మళ్ళీ ఫీజు పడుతుంది, కొన్ని కాలేజీలు దాని పైన సప్లిమెంటల్ అని సొంత ఫారం సొంత ఫీజు పెడతాయి, కమ్యూనిటీ కాలేజీలు చాలావరకు అందులో ఉండనే ఉండవు.

ఏబీఎస్ఎన్ ఏంటి, ఏడీఎన్ ఏంటి అన్నది మొదటి పాఠంలో ఉంది; ఒక్క ముక్కలో, ఏబీఎస్ఎన్ అంటే వేరే డిగ్రీ ఉన్నవాళ్ళు త్వరగా పూర్తిచేసే నర్సింగ్ బ్యాచిలర్స్ (బీఎస్ఎన్), ఏడీఎన్ అంటే ఎక్కువగా కమ్యూనిటీ కాలేజీల్లో ఉండే సుమారు రెండేళ్ళ నర్సింగ్ డిగ్రీ. కాలేజీ ఉన్న రాష్ట్ర నర్సింగ్ బోర్డు ఆమోదం, సీసీఎన్ఈ లేదా ఏసీఈఎన్ సంస్థ గుర్తింపు లేని కాలేజీ లిస్టులో ఉండకూడదు, ఇది మళ్ళీ చెప్పాల్సిన పని లేదనుకుంటున్నా.

సరే, ఎన్ని అన్నది చివర తేలుతుంది, ముందు లిస్టులోంచి కొట్టేసే పని. దీంట్లో నాకు చిరాకు తెప్పించేది ఒక్కటే, "ఇది నేను చదివేశాను గదా" అనుకోవడం. జేఎన్‌టీయూలో బీటెక్ చేసినవాళ్ళు కెమిస్ట్రీ అయిపోయిందని టిక్ పెట్టేస్తున్నారు. ఫస్టియర్ ఇంజనీరింగ్ కెమిస్ట్రీలో చదివింది నీళ్ళ హార్డ్‌నెస్, తుప్పు, పాలిమర్లు; నర్సింగ్ కాలేజీ అడిగేది ల్యాబ్‌తో సహా జనరల్ కెమిస్ట్రీ, కొన్నిచోట్ల ఆర్గానిక్, బయోకెమిస్ట్రీ కూడా. కొందరు ఒప్పుకుంటారు, చాలామంది ఒప్పుకోరు. ఇంటర్ బైపీసీ జువాలజీ లెక్కలోకి రాదు, అది వాళ్ళకి హైస్కూల్ కిందే లెక్క. మీ అందరిలో మెరుగ్గా ఉన్నది బీఫార్మసీ వాళ్ళు, ఫస్టియర్‌లోనే హ్యూమన్ అనాటమీ అండ్ ఫిజియాలజీ రెండు సెమిస్టర్లు, ప్రాక్టికల్స్‌తో సహా ఉన్నాయి, కానీ డబ్ల్యూఈఎస్‌లో (విదేశీ చదువుల్ని అమెరికా లెక్కలోకి మార్చి చెప్పే సంస్థ) కోర్స్-బై-కోర్స్ రిపోర్ట్ తెప్పించాలి, మామూలు రిపోర్ట్ పనికిరాదు. పైగా ప్రీరిక్విజిట్స్ అమెరికాలో చేసినవే కావాలనే కాలేజీలు కూడా ఉన్నాయి, వాటికి మీ బీఫార్మసీ ఎంత మంచిదైనా బేకారే. లైఫ్‌స్పాన్ డెవలప్‌మెంట్, న్యూట్రిషన్ అయితే మీలో ఎవరికీ లేవు, ఎలాగూ చెయ్యాల్సిందే.

సరే సబ్జెక్ట్ ఉంది అనుకుందాం, అప్పుడు గడువు వస్తుంది. సైన్స్ కోర్సులు 5 ఏళ్ళలోపువి కావాలని కొందరు, 7 అని కొందరు, అసలు గడువే లేదని కొందరు. ఈ 5 ఏళ్ళు ఎప్పటినుంచి వెనక్కి లెక్కపెడతారు అన్నది ఎవరూ చూడట్లేదు! ఒక కాలేజీ అప్లికేషన్ డెడ్‌లైన్ నుంచి లెక్కేస్తుంది, ఇంకో కాలేజీ క్లాసులు మొదలయ్యే రోజు నుంచి. మీరు మైక్రోబయాలజీ 2020 డిసెంబర్‌లో పూర్తి చేశారు, 2025 సెప్టెంబర్‌లో అప్లై చేశారు, మొదటి లెక్కలో పాస్. క్లాసులు 2026 జనవరిలో, రెండో లెక్కలో అదే కోర్సు చచ్చిపోయింది. కోర్సు అదే, మార్కులు అవే, ఒక కాలేజీకి మీరు అర్హులు, పక్క కాలేజీకి కాదు. రెండు చోట్లా కట్టిన ఫీజు మాత్రం తిరిగి రాదు. 23 కాలేజీల లిస్టు పంపినాయన పేపర్లు చూసి ఇలా కొట్టుకుంటూ పోతే 6 మిగిలాయి.

వీసా సంగతి. హైదరాబాద్ నుంచి ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద వెళ్దామనుకునేవాళ్ళు థియరీ మొత్తం ఆన్‌లైన్, ల్యాబ్ క్లినికల్ మాత్రం అక్కడ అనే హైబ్రిడ్ ఏబీఎస్ఎన్‌లు పెట్టారు, అందంగా ఉంటాయి వాటి పేజీలు. ఎఫ్-1 వాళ్ళకి ఫుల్‌టైం లెక్కలో ఒక టర్మ్‌కి ఒక్క ఆన్‌లైన్ క్లాసు, అంటే 3 క్రెడిట్స్ వరకే చెల్లుతుంది, కాబట్టి అవన్నీ కొట్టెయ్యండి. హెచ్-4 (హెచ్-1బీ వాళ్ళ భార్య లేదా భర్తకిచ్చే వీసా) మీద అక్కడే ఉన్నవాళ్ళకి ఈ లొల్లి లేదు, కానీ సోషల్ సెక్యూరిటీ నంబర్ లేకుండా లైసెన్స్ ఇవ్వని రాష్ట్రాలు ఉన్నాయి, ఆ రాష్ట్ర బోర్డు రూలు ముందే చూస్కోండి. డాలస్‌లో మీ ఆయన ఉద్యోగం, మీరు బోస్టన్ కాలేజీ పెట్టారు, పిల్లల్ని ఎవరు చూస్తారు?

ఇప్పుడు అంకె. ప్రీరిక్విజిట్స్ అన్నీ సరిపోయి జీపీఏ బాగుంటే నా లెక్క ఏబీఎస్ఎన్‌లు 4 లేదా 5, ఇంటి దగ్గర ఏడీఎన్ ఒకటి. జీపీఏ తక్కువుంటే అలాంటి ఏబీఎస్ఎన్‌లే ఇంకో అయిదు కలిపితే లాభం లేదు, అన్నీ ఒకేలా చూసి ఒకేలా వద్దంటాయి. వాటి బదులు ఏడీఎన్‌లు పెంచండి, మామూలు బీఎస్ఎన్ ఒకటి కలపండి. ప్రవేశ పరీక్షల (టీస్, హెచ్ఈఎస్ఐ లాంటివి) విషయంలో నేను మొండిదాన్ని, టీస్ రాస్తే టీస్ తీసుకునే కాలేజీలే, ఒక్క కాలేజీ కోసం హెచ్ఈఎస్ఐ కూడా చదవడం నాకు నచ్చదు. అందరూ ఒప్పుకోరు, మీ ఇష్టం.

వెబ్ ఆప్షన్స్ బుద్ధి పనికొచ్చే చోటు ఒకటుంది. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో కొన్ని అర్హత ఉన్నవాళ్ళందరి పేర్లూ లాటరీలో వేస్తాయి, కొన్ని పాయింట్లు చూస్తాయి, టీస్ ఉన్నచోట కనీసం 62 రావాలి. కాలేజీలో చేరే అప్లికేషన్‌కి డబ్బు కూడా అడగరు. అక్కడ ఉంటున్నవాళ్ళు రోజూ కారులో వెళ్ళిరాగలిగినంత దూరంలో ఉన్నవన్నీ పెట్టెయ్యండి, 8 అయినా 10 అయినా నేనేమీ అనను.

సీటు డిపాజిట్ గుర్తుంచుకోండి. తొందరగా జవాబిచ్చే కాలేజీ డిపాజిట్ కట్టమంటుంది, మీకిష్టమైన కాలేజీ ఇంకా పలకదు, కట్టింది వెనక్కి రాదు. ఇది ఒకసారి భరించగలరు, మూడుసార్లు కష్టం.

ప్రాక్టీస్: పాత లిస్టే తీసుకోండి. ప్రతి కాలేజీకి దాని సొంత పేజీ నుంచే, వేరే ఎక్కడినుంచీ కాదు, నాలుగు విషయాలు రాయండి: గడువు ఎన్నేళ్ళు, ఆ గడువు ఏ రోజు నుంచి, ఇండియా కోర్సులు ఒప్పుకుంటారా, అనాటమీ ఫిజియాలజీ రెండు భాగాలూ ఒకే కాలేజీలో చెయ్యాలా. పేజీలో లేకపోతే అడ్మిషన్స్ వాళ్ళకి మెయిల్ పెట్టండి. మిగిలినవి నాకొద్దు, కొట్టేసినవి పంపండి, పక్కన కారణంతో. కాలేజీ నుంచి మెయిల్‌కి జవాబు రాకపోతే ఫోన్ చెయ్యండి, ఎండాకాలంలో మన సాయంత్రం ఆరున్నరకి న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిది, డాలస్‌కి అయితే ఏడున్నర దాకా ఆగాలి, చలికాలం రెండింటికీ ఇంకో గంట కలపండి. ఫోన్లో ఏం చెప్పినా అదే మెయిల్‌లో రాసి పంపమని అడగండి.