రోహిణి నుంచి మృగశిరకు: వానల తొలి రెండు వారాల్లో పాటించవలసిన పద్ధతులు

రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండలు దాటి, జూన్ 8 ప్రాంతంలో మృగశిర ప్రవేశించి నాలుగు చినుకులు పడగానే ఒళ్లు తేలికపడుతుందని అందరమూ అనుకుంటాము. కాని ఆకలి మందగించడం, కడుపుబ్బరం, కీళ్లు పట్టేయడం, జలుబు, పగలంతా వదలని బద్ధకం తరచుగా మొదలయ్యేది అప్పుడే. వేసవి మాంద్యపరచిన జఠరాగ్ని తొలివానలకు ఇంకా తగ్గి వాతం ప్రకోపిస్తుందని ఆయుర్వేదం చెబుతుంది. తాగునీటిలో వాననీటి మురికి కలిసేదీ, దోమలు పెరిగేదీ కూడా ఈ రోజుల్లోనే.

ప్రాచీన ఆయుర్వేద ఆచార్యుడు వాగ్భటుడు తన అష్టాంగహృదయం అనే గ్రంథంలో గడిచే ఋతువు చివరి 7 రోజులను, వచ్చే ఋతువు మొదటి 7 రోజులను కలిపి ఋతుసంధి అన్నాడు. ఆ రోజుల్లో పాత నడవడిని క్రమంగా విడిచి కొత్తదానిని క్రమంగా అలవరచుకోవాలనీ, ఒక్కసారిగా మారిస్తే రోగాలు పుడతాయనీ హెచ్చరించాడు. శాస్త్రం ప్రకారం వర్షర్తువు శ్రావణంతో మొదలైనా మన ప్రాంతంలో వానలు అంతకు ముందే వస్తాయి కనుక, పంచాంగం కంటే నేల తడిసిన మొదటి మంచి వానను లెక్కకు తీసుకోవడం మేలని నా అభిప్రాయం. ముందు విడవవలసినవి విడిస్తేనే మూలికలు పని చేస్తాయి. కషాయం తాగుతూ ఫ్రిజ్ నీళ్లు మానకపోతే ఫలితం ఉండదు.

విడిచే పద్ధతిని పెద్దలు పాదాంశిక క్రమం అన్నారు, అంటే పావు వంతు చొప్పున తగ్గించడం. రోజుకు నాలుగు గ్లాసుల చల్లటి నీళ్లు తాగేవారు మూడేసి రోజులకొక గ్లాసు చొప్పున కాచి చల్లార్చిన నీటికి మారితే పన్నెండు రోజుల్లో మార్పు పూర్తవుతుంది. వేసవిలో గంటసేపు పగటినిద్ర తీసినవారు దానిని ముప్పావు గంటకు, అరగంటకు, పావుగంటకు తగ్గించుకోవాలి. పగటినిద్రను శాస్త్రం గ్రీష్మంలో ఒప్పుకున్నా వానకాలంలో వద్దంటుంది. రాత్రిపూట గడ్డపెరుగు బదులు శొంఠి, జీలకర్ర, ఉప్పు కలిపిన పలుచని మజ్జిగను మధ్యాహ్నానికి మార్చుకుంటే చాలు.

ఇక మూలికల సంగతి. మృగశిర నాడు బెల్లంలో పెసరగింజంత ఇంగువ పెట్టి మింగే ఆచారం చాలా ఇళ్లలో ఉంది. ఇంగువ వాతాన్ని అణచి ఆకలిని లేపుతుందన్న నమ్మకమే దానికి ఆధారం. ఆషాఢంలో మునగాకు తినమనడంలోనూ ఔచిత్యం ఉంది, ఎందుకంటే నేలబారు ఆకుకూరలకు ఈ రోజుల్లో బురద, పురుగు పట్టినా మునగాకు చెట్టుమీద ఎత్తున ఉంటుంది. కందిపప్పుతో వండినా, నువ్వులు వేసి పొడి కొట్టినా బాగుంటుంది.

రోజూ తాగడానికి రెండు చెంచాల ధనియాలు, ఒక చెంచా జీలకర్ర కచ్చాపచ్చాగా దంచి, పావు చెంచా శొంఠిపొడితో రెండు గ్లాసుల నీటిలో వేసి సన్నని సెగమీద ఒక గ్లాసు మిగిలేదాకా మరిగించి వడకట్టాలి. ఉదయం సగం, సాయంత్రం సగం గోరువెచ్చగా తాగాలి. జలుబు ఉంటే నాలుగు తులసి ఆకులో, ఒక వామాకో చేర్చవచ్చు. మిరియాలు, పిప్పళ్లు, దాల్చినచెక్క గుప్పిళ్లతో పోసి రోజుకు మూడుసార్లు తాగడం వల్ల కరోనా రోజుల్లో ఎందరో నోటిపూత, కడుపుమంట తెచ్చుకున్నారు; ఘాటు పెరిగితే గుణం పెరగదు. రక్తపోటు ఉన్నవారు అతిమధురం జోలికి పోకూడదు. గర్భిణులు, రక్తం పలుచబడే మందులు వాడేవారు ఏ కషాయమైనా వైద్యుని అడిగే తాగాలి. ఏడాది నిండని పిల్లలకు తేనె ఇవ్వరాదు.

వారానికి రెండుసార్లు గోరువెచ్చని నువ్వులనూనె మోకాళ్లకు, అరికాళ్లకు, నడుముకు పట్టించి, ఇరవై నిమిషాలు ఆగి సున్నిపిండితో స్నానం చేస్తే పట్టేసిన ఒళ్లు సడలుతుంది. అజీర్ణంగా ఉన్ననాడు, జ్వరం ఉన్ననాడు అది వద్దు. మబ్బు రోజుల్లో వెలుతురు తగ్గి మనసు మందగిస్తుంది కనుక, రోజూ ఒకే వేళకు లేచి ఇరవై నిమిషాలు వసారాలోనో, మేడమీదనో కూర్చోవడం మంచిది. ఆషాఢంలో రుబ్బిన గోరింటాకు పెట్టుకుంటే ఇంకొక లాభమూ ఉంది: రెండు గంటలపాటు చేతులు ఫోను పట్టలేవు. బజారులో దొరికే నల్లరంగు కోన్లు మాత్రం చర్మానికి చేటు.

జ్వరం రెండు రోజులు దాటితే కషాయాలతో కాలయాపన చేయక రక్తపరీక్ష చేయించుకోవాలి; డెంగ్యూ కాదని తేలేదాకా ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్ వేసుకోకూడదు. వేసవిలో వాడిన నీళ్లకుండను, కూలర్ తొట్టిని గోడలు గట్టిగా తోమి, ఆరబెట్టి, బోర్లించి పెట్టాలి. డెంగ్యూ దోమ గుడ్లు పొడిగోడకు అంటుకుని నెలల తరబడి బతికి, నీరు తగలగానే పొదుగుతాయి కనుక ఒట్టి నీరు పారబోస్తే సరిపోదు.